ఒకే క్లాక్ తీగ మీద నాలుగు హెచ్‌ఎక్స్711 చిప్‌లు: లినక్స్ కెర్నెల్‌లో కొత్త బస్ రాయాలా?

తూకంబల్ల:

అందరికీ నమస్కారం. చిత్తూరు జిల్లాలో పాల సేకరణ కేంద్రాలకు తూకం బల్లలు చేసి ఇచ్చే చిన్న వర్క్‌షాప్ మాది. ఎలక్ట్రానిక్స్ నా పని, కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే లినక్స్ నడిమి భాగం) నాకు కొత్త. ఇక్కడ డ్రైవర్లు రాసేవాళ్లు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

బల్ల నాలుగు మూలల కింద నాలుగు లోడ్ సెల్స్ ఉంటాయి. చాలామంది నాలుగింటినీ జంక్షన్ బాక్సులో కలిపి ఒకే ఏడీసీకి (వోల్టేజ్‌ను అంకెగా మార్చే చిప్‌కి) ఇచ్చేస్తారు. మేం మూలకో హెచ్‌ఎక్స్711 చిప్ (లోడ్ సెల్స్ చదవడానికి వాడే 24 బిట్ల ఏడీసీ) పెట్టాం. నలభై లీటర్ల క్యాన్‌ను రోజూ ఒకే మూల మీద దబ్బున దించుతారు, ఆ మూల సెల్ ముందు పాడవుతుంది. విడివిడిగా చదివితే ఏ సెల్ జారుతోందో ముందే పసిగట్టి మార్చేయొచ్చు. అందుకే ఈ ఏర్పాటు.

వైరింగ్ ఇదీ. నాలుగు చిప్‌ల క్లాక్ పిన్నులూ కలిపి బోర్డు మీద ఒకే జీపీఐఓకి (ప్రోగ్రాంతో పైకీ కిందకీ ఆడించగల, చదవగల పిన్‌కి) వెళ్తాయి. డేటా పిన్నులు మాత్రం వేర్వేరు జీపీఐఓలకి. మొత్తం ఐదు తీగలు. క్లాక్ ఒకసారి కొడితే నాలుగు చిప్‌లూ తలా ఒక బిట్ ఇస్తాయి. పీసీబీలు తయారై వచ్చేశాయి కాబట్టి ఇది ఇక మార్చలేను. గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నది) 64 వాడుతున్నాం, అంటే ప్రతి రీడింగ్‌కూ 27 పల్సులు: 24 బిట్లకు 24, తర్వాతి రీడింగ్ గెయిన్ చెప్పడానికి ఇంకో మూడు.

ఇప్పటిదాకా ఒక పైథాన్ ప్రోగ్రాం యూజర్‌స్పేస్ (కెర్నెల్ బయట, మామూలు ప్రోగ్రాంలు నడిచే చోటు) నుంచే క్లాక్‌ను పైకీ కిందకీ ఆడిస్తూ చదువుతోంది. మామూలప్పుడు బాగానే ఉంటుంది. రసీదు ప్రింటర్ పనిచేస్తున్నప్పుడో, సిమ్ డాంగిల్ నెట్‌వర్క్ వెతుక్కుంటున్నప్పుడో అంకె గెంతుతుంది. గెంతినప్పుడు నాలుగు మూలలూ ఒకేసారి గెంతుతాయి. ఎప్పుడో ఒకసారి -1 వస్తుంది. మిగతా అన్నిసార్లూ అసలు విలువ కంటే ఎక్కువే వస్తుంది తప్ప తక్కువ రాదు. ఆ వెంటనే వచ్చే రీడింగ్‌లో ముడి అంకె దాదాపు రెట్టింపు ఉంటుంది, తర్వాత మళ్లీ సర్దుకుంటుంది. రైతు కళ్ల ముందు అంకె ఇలా గెంతితే ఆ బల్లను ఇక ఎవరూ నమ్మరు. మాకు టెన్షన్ అదే.

కెర్నెల్‌లో ఈ చిప్‌కు ఐఐఓ (సెన్సర్లు, ఏడీసీల కోసం ఉన్న కెర్నెల్ విభాగం) డ్రైవర్ ఉందని చూసి, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ చిప్ ఏ తీగకు ఉందో కెర్నెల్‌కు చెప్పే వర్ణనలో) నాలుగు నోడ్‌లు రాసి, నాలుగింటికీ అదే క్లాక్ తీగ ఇచ్చాను. మొదటిది లేచింది. మిగతా మూడూ -16 ఎర్రర్‌తో, తీగ బిజీగా ఉందంటూ ఆగిపోయాయి.

దాంతో నాకు తోచింది ఇది: క్లాక్ తీగకు యజమానిగా ఒక కంట్రోలర్, దాని కింద నాలుగు పిల్ల డివైస్‌లు, మధ్యలో నా సొంత బస్ టైప్ (డివైస్‌లను వాటి డ్రైవర్లతో జత కట్టే కెర్నెల్ ఏర్పాటు). ఒక మిత్రుడు మాత్రం దీన్ని ఎస్‌పీఐ (చిప్‌లను కలిపే ఒక ప్రామాణిక సీరియల్ బస్) కంట్రోలర్‌గా రాయమంటున్నాడు. ఇంకొకరు క్యారెక్టర్ డివైస్ (ఫైల్‌లా తెరిచి వాడేది) ఒకటి పెట్టి ఐఆక్టల్‌తో (దానికి సొంత ఆదేశాలు పంపే సిస్టం కాల్‌తో) లాగేయమంటున్నారు. ఏది సరైన దారి?

రాత్రికంపైలర్:

కెర్నెల్ జోలికి వెళ్లకముందు చవకైన పని ఒకటి చేసి చూడండి. పైథాన్ తీసేసి ఆ ముక్క సీలో రాయండి. ప్రాసెస్‌ను ఫైఫో షెడ్యూలింగ్‌లో (మామూలు ప్రాసెస్‌ల కంటే ముందు నడిచే పద్ధతిలో) పెట్టి, మెమరీ లాక్ చేసి, ఒక కోర్‌ను దీనికోసమే విడిగా ఉంచండి. రియల్‌టైమ్ ప్రీఎంప్షన్ (అత్యవసర పని రాగానే నడుస్తున్నదాన్ని ఆపి దానికి సీపీయూ ఇవ్వడం) కోసం ఇప్పుడు వేరే ప్యాచ్‌లు తెచ్చుకోనక్కర్లేదు, 2024లో వచ్చిన కెర్నెల్ 6.12 నుంచి ఎక్స్86, ఆర్మ్64, రిస్క్-వీలకు మెయిన్‌లైన్‌లోనే ఉంది. నా సీఎన్‌సీ పనికి ఇది సరిపోయింది.

మూలమలుపు:

తూకంబల్ల గారూ, మీరు లక్షణాలు ఇంత శ్రద్ధగా రాశారు కాబట్టి జబ్బు ఇక్కడి నుంచే చెప్పొచ్చు. డ్రైవర్ మాట తర్వాత, ముందు మీ గెంతుల సంగతి.

హెచ్‌ఎక్స్711కు క్లాక్ పిన్నే పవర్ స్విచ్ కూడా. డేటాషీట్‌లో ఆ పిన్ పేరు ముందు పీడీ అని ఉండేది అందుకే. క్లాక్ 60 మైక్రోసెకన్లు దాటి పైన ఉండిపోతే చిప్ నిద్రలోకి పోతుంది. మళ్లీ కిందకి దించితే రీసెట్ అయి మొదటి నుంచి మొదలుపెడుతుంది. కొత్త విలువ సిద్ధమయ్యే దాకా డేటా తీగ పైనే ఉంటుంది. మీ ప్రోగ్రాం క్లాక్‌ను పైకి లేపిన క్షణంలో ప్రింటర్ ఇంటరప్ట్ వచ్చి సీపీయూను లాక్కుపోయిందనుకోండి. తిరిగొచ్చేసరికి 60 మైక్రోసెకన్లు దాటిపోయాయి. మీ ప్రోగ్రాంకి ఆ సంగతి తెలీదు, మిగతా పల్సులు కొడుతూ పోతుంది. అప్పుడు డేటా తీగ మీద కనిపించేవన్నీ ఒకట్లే.

ఉదాహరణకి అసలు విలువ 00011010 01100101 10010011 అనుకుందాం. పన్నెండో పల్సు దగ్గర ఆలస్యమైతే మొదటి 11 బిట్లు నిజం, మిగతా 13 ఒకట్లు. మీ చేతికొచ్చేది 00011010 01111111 11111111. తోక ఒకట్లతో నిండితే విలువ పెరుగుతుందే గానీ తగ్గదు. మీ అంకె ఎప్పుడూ పైకే గెంతడానికి కారణం అదే. మొట్టమొదటి పల్సులోనే దెబ్బ పడితే 24 బిట్లూ ఒకట్లే, రెండు పూరక పద్ధతిలో (బిట్లతో ఋణ సంఖ్యలు రాసే పద్ధతిలో) అది -1. క్లాక్ ఉమ్మడి కాబట్టి నలుగురూ కలిసే నిద్రపోతారు. ఇక రెట్టింపు సంగతి: చిప్‌లో ఎ, బి అని రెండు ఛానెళ్లు ఉంటాయి, రీసెట్ తర్వాత అది ఎ ఛానెల్, గెయిన్ 128 దగ్గర లేస్తుంది. మీరు లెక్కగట్టేది 64కి. ఆ రీడింగ్ చివర మీరు 27 పల్సులు కొట్టారు కాబట్టి తర్వాతిది మళ్లీ 64కి వస్తుంది. మీ సెల్స్‌లో, వైరింగ్‌లో, చిప్‌లలో లోపమేమీ లేదు.

నిర్ధారించుకోవాలంటే గెంతిన రీడింగ్‌లను బైనరీలో, అంటే 0, 1 బిట్లుగా అచ్చువేసి తోక చూడండి. లాజిక్ ఎనలైజర్ ఉంటే క్లాక్ తీగ మీద 50 మైక్రోసెకన్ల కంటే వెడల్పైన పల్సుకు ట్రిగ్గర్ పెట్టి, ప్రింటర్‌తో పెద్ద రసీదు ఒకటి కొట్టించండి.

రాత్రికంపైలర్ గారు చెప్పింది చేస్తే గెంతులు తగ్గుతాయి, ఒప్పుకుంటాను. కానీ తగ్గడం వేరు, పోవడం వేరు. ఇది పాలు పోసినవాళ్లకు డబ్బులు లెక్కగట్టే యంత్రం. యూజర్‌స్పేస్ నుంచి పల్సుకు రెండు సిస్టం కాల్స్ చొప్పున కొడుతూ, వాటి మధ్య గ్యాప్ ఎప్పటికీ 60 దాటదని ఎవరూ రాసివ్వలేరు. కెర్నెల్‌లోనైతే రాసివ్వొచ్చు.

ఇక బస్ సంగతికి వస్తాను. మీ అసలు ప్రశ్న ఇదే, కెర్నెల్‌కు కొత్తగా వచ్చేవాళ్లు చాలామంది తడబడే చోటు కూడా ఇదే.

నాలుగు చిప్‌లు ఉన్నాయి, ఉమ్మడి తీగ ఉంది, కాబట్టి బస్ అనిపిస్తుంది. నేను ముందు ఒక పరీక్ష పెట్టుకుంటాను: మిగతావాళ్లను కదిలించకుండా ఒక్కరితో మాట్లాడే వీలు ఉందా? ఐ2సీలో అడ్రస్ ఉంది. ఎస్‌పీఐలో చిప్ సెలెక్ట్ ఉంది. వన్-వైర్‌లో ఉన్నది ఒక్క తీగే, అయినా ప్రతి చిప్‌కూ 64 బిట్ల సొంత సంఖ్య ఉంది: 8 బిట్లు కుటుంబం, 48 బిట్లు వరస సంఖ్య, 8 బిట్లు సీఆర్‌సీ (తప్పులు పట్టే తనిఖీ సంఖ్య). ఆ సంఖ్యలను వెతికి పట్టుకునే పద్ధతి కూడా ప్రోటోకాల్‌లోనే ఉంది. అందుకే కెర్నెల్‌లో డబ్ల్యూ1 అనేది నిజమైన బస్. అక్కడ మాస్టర్ డ్రైవర్లు చాలా ఉన్నాయి, స్లేవ్ డ్రైవర్లు చాలా ఉన్నాయి, ఎవరినైనా ఎవరితోనైనా జత కట్టాలి. ఆ జత కట్టే పనికే బస్ టైప్.

మీ దగ్గర బడిగంట కొడితే నలుగురూ ఒకేసారి లేచి నిలబడతారు. రెండో మూలను మాత్రమే చదవడం కుదరదు. మొదటి చిప్‌ను మాత్రమే గెయిన్ 128కి మార్చడం కుదరదు, ఎందుకంటే 25 కొట్టినా 27 కొట్టినా అందరికీ ఒకటే. నిద్ర కూడా ఉమ్మడే. పిల్ల డివైస్‌లుగా విడగొడితే ఒక పిల్ల మీద రాసిన గెయిన్ మిగతా ముగ్గురినీ మార్చేస్తుంది, ఒకరిని చదివితే మిగతా ముగ్గురి విలువలూ ఖర్చయిపోతాయి. ఇవన్నీ కప్పిపుచ్చడానికి లాక్‌లు, కాషింగ్ రాసుకుంటూ పోతారు. హార్డ్‌వేర్‌లో లేని స్వతంత్రాన్ని కోడ్‌లో నటించాల్సి వస్తుంది.

కాబట్టి నా మాట: అది నాలుగు డివైస్‌లు కాదు, నాలుగు ఛానెళ్లున్న ఒకే డివైస్. అలా చూస్తే ఐఐఓలో చోటు రెడీగా ఉంది. ఛానెల్ వర్ణనలో ప్రతి ఛానెల్‌కూ విడిగా ఉండేవి ఒక మాస్క్‌లో, అందరికీ ఉమ్మడిగా ఉండేవి ఇంకో మాస్క్‌లో (బిట్ల జాబితాలో) పెడతారు. ముడి విలువను విడి మాస్క్‌లోనూ, స్కేల్‌ను ఉమ్మడి మాస్క్‌లోనూ పెట్టండి. మీ వైరింగ్‌లోని నిజం అక్షరాలా అదే. ట్రిగర్డ్ బఫర్ (ఒక సంకేతంతో అన్ని ఛానెళ్లనూ కలిపి చదివి వరసలో ఉంచేది) పెట్టుకుంటే ఒక క్లాక్ వరసలో వచ్చిన నాలుగు విలువలూ, టైమ్‌స్టాంప్‌తో సహా, ఒకే స్కాన్‌గా పైకి వెళ్తాయి. సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ తన విలువలను ఫైళ్లుగా చూపే చోట) నాలుగు ఫైళ్లు ఒకదాని తర్వాత ఒకటి చదివితే నాలుగు వేర్వేరు క్షణాల విలువలు వస్తాయి. మీకు కావలసింది మొత్తం బరువు కాబట్టి బఫరే వాడండి.

మీకు -16 ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. జీపీఐఓ తీగను ఒక డ్రైవర్ అడిగి తీసుకున్నాక ఇంకొకరికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. రెండు డ్రైవర్లు ఒకే క్లాక్‌ను తమ ఇష్టానికి ఆడిస్తే ఎవరి పల్సులు ఎవరు లెక్కపెట్టాలి?

కొత్త డ్రైవర్ మొదలుపెట్టకండి, ఉన్నదాన్నే పెంచండి. బైండింగ్‌లో (డివైస్ ట్రీ నోడ్ ఎలా రాయాలో చెప్పే నియమాల్లో) డేటా తీగ ఇప్పుడు ఒకటే. దాన్ని నాలుగు వరకు ఒప్పుకునేలా మార్చండి, ఒకటే ఇస్తే పాత ప్రవర్తన పాతలాగే ఉండాలి. ఆ డ్రైవర్‌లో చిప్ ఎ ఛానెల్‌కు 0, బి ఛానెల్‌కు 1 అని సంఖ్యలున్నాయి. మీ రెండో చిప్‌కు 2, 3 ఇవ్వండి, అలా పైకి పోండి. 0, 1 అర్థం మార్చారంటే ఎక్కడో ఎవరి ప్రోగ్రామో విరుగుతుంది, మెయింటెయినర్లు ఒప్పుకోరు. సరిగ్గానే ఒప్పుకోరు.

టైమింగ్‌కి మూడు జాగ్రత్తలు చాలు.

క్లాక్ పైన ఉన్నంతసేపే ఇంటరప్ట్‌లు ఆపండి. పైకి లేపడం, ఒక మైక్రోసెకను ఆగడం, కిందకి దించడం, ఇంటరప్ట్‌లు తిరిగి తెరవడం. కింద ఎంతసేపు ఉన్నా చిప్‌కు పట్టదు, డేటాషీట్‌లో దానికి కనీసం 0.2 మైక్రోసెకను అని ఉంది గానీ గరిష్ఠం లేదు. అంటే 27 పల్సులకూ కలిపి ఒకేసారి ఆపక్కర్లేదు, 27 సార్లు చిన్నచిన్నగా ఆపితే చాలు. ప్రింటర్‌కూ డాంగిల్‌కూ ఇబ్బంది ఉండదు. ప్రీఎంప్షన్ ఒక్కటే ఆపితే సరిపోదు, షెడ్యూలర్ ఆగుతుంది గానీ ఇంటరప్ట్ హ్యాండ్లర్ దూరుతుంది. ఉన్న డ్రైవర్‌లో కూడా మొదట ప్రీఎంప్షన్ మాత్రమే ఆపేవారు, తర్వాత సరిదిద్ది ఇంటరప్ట్‌లు ఆపడం పెట్టారు. ఆ కమిట్ సందేశం చదవండి, మీ కథే అందులో ఉంది.

నాలుగు డేటా తీగలనూ విడివిడిగా చదవకండి. జీపీఐఓ వ్యవస్థలో అర్రేగా చదివే ఫంక్షన్ ఉంది. నాలుగూ ఒకే కంట్రోలర్ మీద ఉంటే ఆ డ్రైవర్ ఒక్క రిజిస్టర్ రీడ్‌తో నాలుగు బిట్లూ తెచ్చే అవకాశం ఉంటుంది. బిట్‌ను కింది దశ చివర్లో చదవండి, తీగ మీద స్థాయి నిలదొక్కుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

క్లాక్ తీగ ఐ2సీ ఎక్స్‌పాండర్ (ఐ2సీ బస్ ద్వారా అదనపు జీపీఐఓలు ఇచ్చే చిప్) మీద ఉండకూడదు. అలాంటి జీపీఐఓను కదపాలంటే నిద్రపోవాలి, ఇంటరప్ట్‌లు ఆపిన చోట నిద్రపోలేం. ప్రోబ్‌లోనే (డ్రైవర్ డివైస్‌ను మొదటిసారి సిద్ధం చేసే దశలోనే) ఆ తీగ నిద్రపోయే రకమా అని అడిగి, అయితే ఎర్రర్‌తో తిప్పి పంపండి. రియల్‌టైమ్ కెర్నెల్ వాడే ఉద్దేశం ఉంటే ఇంకొకటి కూడా చూడాలి: మీ బోర్డు జీపీఐఓ డ్రైవర్ లోపల రా స్పిన్‌లాక్ (ఎప్పుడూ నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్) వాడుతోందా, మామూలుదా? రియల్‌టైమ్‌లో మామూలు స్పిన్‌లాక్ నిద్రపోగలదు, ఇంటరప్ట్‌లు ఆపిన చోట అది పనికిరాదు.

ఎస్‌పీఐ కంట్రోలర్‌గా ఎందుకు వద్దంటే, ఎస్‌పీఐ వ్యవస్థకు తెలిసింది చిప్ సెలెక్ట్, పదం వెడల్పు, ఒక రాకా ఒక పోకా. ఆఖరి మూడు పల్సులకు వేరే అర్థం ఉందనీ, మొదలుపెట్టే ముందు డేటా తీగ కిందకి దిగేదాకా ఆగాలనీ దానికి తెలీదు. క్యారెక్టర్ డివైస్ పనిచేస్తుంది, కాదనను. కానీ సొంత ఐఆక్టల్ పెట్టిన రోజు నుంచి దాన్ని చదివే ప్రతి టూలూ మీరే రాయాలి, మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు మోయాలి.

తీగలమారి:

ఎస్‌పీఐ మాట వచ్చింది కాబట్టి, ఒకే చిప్ ఉన్నవాళ్ల కోసం ఒక ఉపాయం చెప్తాను. ఇది నేను బెంగళూరులో చేసే పనిలో వాడుతున్నదే.

ఎస్‌పీఐ క్లాక్ తీగను వదిలేయండి. మోసీ (ఎస్‌పీఐలో బోర్డు నుంచి బయటికి పోయే డేటా) తీగను హెచ్‌ఎక్స్711 క్లాక్ పిన్‌కూ, మీసోను (లోపలికి వచ్చే డేటా తీగను) డేటా పిన్‌కూ కలపండి. 10101010 అని బైట్లు పంపితే మోసీ మీద మీకు కావలసిన పల్సులు వస్తాయి. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర పల్సు పైన ఒక మైక్రోసెకను, కింద ఒక మైక్రోసెకను. 25 పల్సులకు 50 బిట్లు, అంటే 7 బైట్లు, చివరి 6 బిట్లు సున్నాలు. తిరిగొచ్చిన బిట్లలో రెండేసికి ఒకటి తీసుకుంటే విలువ వచ్చేసింది. రాస్ప్‌బెర్రీ పై పాత బోర్డుల ఎస్‌పీఐ ఫైఫోలో 64 బైట్లు పడతాయి, కాబట్టి ట్రాన్స్‌ఫర్ మొత్తం అందులో ఇమిడిపోతుంది, మధ్యలో సీపీయూ ఎటు పోయినా పట్టింపు లేదు. ఇంటరప్ట్‌లు ఆపే పనే లేదు. డెడ్‌లైన్‌ను సీపీయూ చేతిలోంచి తీసి హార్డ్‌వేర్ చేతిలో పెట్టడం అన్నమాట.

జాగ్రత్త ఒకటే. ట్రాన్స్‌ఫర్ అయిపోయాక కొన్ని కంట్రోలర్లు మోసీని పైన వదిలేస్తాయి. అప్పుడు మీ చిప్ ప్రతిసారీ నిద్రపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మోసీ కింద ఉండాలని చెప్పే ఫ్లాగ్ కెర్నెల్‌లో ఉంది, కానీ అన్ని కంట్రోలర్ డ్రైవర్లూ దాన్ని ఒప్పుకోవు. కొనే ముందు స్కోప్‌లో చూసుకోండి.

మూలమలుపు:

తీగలమారి గారు చెప్పింది చాలా మంచి పద్ధతి. పైగా కెర్నెల్ పద్ధతికి తగినది, ఎందుకంటే అక్కడ మీరు ఎస్‌పీఐ కంట్రోలర్‌ను నటించడం లేదు, నిజమైన కంట్రోలర్‌కు మామూలు కస్టమర్‌గా వెళ్తున్నారు. వన్-వైర్‌కూ ఇదే జరిగింది. సీరియల్ పోర్ట్‌ను 9600 దగ్గర పెట్టి రీసెట్ పల్సు, 115200 దగ్గర పెట్టి ఒక్కో బిట్‌కు ఒక్కో బైట్ పంపే పాత ఉపాయం ఇప్పుడు కెర్నెల్‌లోనే డబ్ల్యూ1 మాస్టర్ డ్రైవర్‌గా ఉంది.

తూకంబల్ల గారికి మాత్రం కుదరదు, నాలుగు డేటా తీగలకు మీసో ఒకటే ఉంది. బోర్డు మార్చే అవకాశం ఎప్పుడైనా వస్తే బీగల్‌బోన్ బోర్డులోని పీఆర్‌యూ కోర్‌లను (ప్రధాన సీపీయూ పక్కనే ఉండే చిన్న విడి ప్రాసెసర్లను) చూడండి. 200 మెగాహెర్ట్జ్, అంటే ఇన్‌స్ట్రక్షన్‌కు 5 నానోసెకన్లు, పైన లినక్స్ నడుస్తున్నా వాటి పని వాటిదే. ఇప్పుడున్న బోర్డుకు జీపీఐఓ దారే.

తూకంబల్ల:

మూలమలుపు గారూ, చాలా థాంక్స్. గెంతిన రీడింగ్‌లను బిట్లుగా అచ్చువేసి చూశాను. మీరు చెప్పినట్టే తోక మొత్తం ఒకట్లు, నాలుగు మూలల్లోనూ ఒకే బిట్ దగ్గర మొదలవుతున్నాయి. ఎనలైజర్‌లో ప్రింటర్ కదిలినప్పుడు వెడల్పాటి పల్సు కూడా దొరికింది. ఇన్నాళ్లూ సెల్స్ మీద అనుమానపడి షీల్డ్ వైర్లు మారుస్తూ కూర్చున్నాం.

మూడు సందేహాలు మిగిలాయి. నాలుగు చిప్‌లు ఎవరి టైమ్‌కి వాళ్లు సిద్ధమవుతారు కదా, అందరూ సిద్ధమయ్యేదాకా ఆగితే మొదటివాడి విలువ పాతబడదా? డేటా తీగ కిందకి దిగడాన్ని ఇంటరప్ట్‌గా పట్టుకోవాలా? రేపు ఆరు సెల్స్ ఉన్న పెద్ద బల్ల చేస్తే, అప్పుడు కూడా బస్ అక్కర్లేదా?

మూలమలుపు:

మొదటిదానికి. అవును, ప్రతి చిప్‌లోనూ సొంత ఆసిలేటర్ ఉంది, అవి ఒకదానితో ఒకటి కలిసి నడవవు. సెకనుకు 10 శాంపిళ్ల రేటులో ఇద్దరి మధ్య తేడా దాదాపు 100 మిల్లీసెకన్ల దాకా పోవచ్చు. క్యాన్ బల్ల మీద నిలిచాక తూచే పనికి ఇది అడ్డు కాదు, బరువు స్థిరపడిందని నిర్ధారించుకున్నాకే కదా రసీదు కొడతారు. అయినా దగ్గరికి తేవాలంటే మీ ఉమ్మడి క్లాక్ ఇక్కడ వరమే: క్లాక్‌ను కావాలనే 60 మైక్రోసెకన్ల పైన ఎత్తి ఉంచి దించితే నలుగురూ ఒకే క్షణంలో మొదలవుతారు. ఆ తర్వాత స్థిరపడడానికి 10 శాంపిళ్ల రేటులో 400 మిల్లీసెకన్లు, 80 రేటులో 50 మిల్లీసెకన్లు పడుతుంది. గెయిన్ మళ్లీ 128 అవుతుందని మరవకండి, ఒక రీడింగ్ పారేసి 64కి మార్చుకోవాలి, గెయిన్ మారాక కూడా అంతే సేపు ఆగాలి. ప్రతి తూకానికీ ఇలా చేయకండి, పొద్దున బల్ల ఆన్ చేసినప్పుడు చాలు. తర్వాతి పీసీబీలో అయితే నాలుగు చిప్‌ల ఎక్స్‌ఐ పిన్నులకూ (బయటి ఆసిలేటర్ ఇచ్చే పిన్నులకూ) బయటి నుంచి ఒకే 11.0592 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇవ్వండి. అప్పుడు రేటు కచ్చితంగా 10 లేదా 80, నలుగురికీ అదే.

రెండోదానికి. ఇంటరప్ట్ వద్దు. ఒకే తీగ సిద్ధమని చెప్పేదీ, బిట్లు మోసేదీ అయినప్పుడు, మీరు చదువుతున్న బిట్లే అంచులుగా కనిపించి ఇంటరప్ట్‌లు లేపుతాయి. ఆపి ఉంచినా ఆ అంచులు పెండింగ్‌గా గుర్తుండిపోయి, తెరవగానే దొంగ ఇంటరప్ట్‌గా రావచ్చు. కెర్నెల్‌లో అనలాగ్ డివైసెస్ సిగ్మా-డెల్టా ఏడీసీల కోసం ఉన్న ఉమ్మడి లైబ్రరీ ఈ తలనొప్పినే మోస్తోంది. అక్కడా సిద్ధమనే సంకేతం డేటా తీగ మీదే వస్తుంది. ఎదురుచూసేంతసేపే ఇంటరప్ట్ తెరుస్తారు, ఎస్‌పీఐ బస్‌ను లాక్ చేసి చిప్ సెలెక్ట్‌ను పట్టుకునే ఉంటారు. నేర్చుకోవడానికి ఆ ఫైల్ తప్పకుండా చదవండి. కానీ సెకనుకు పది విలువలిచ్చే చిప్‌కు, కొన్ని మిల్లీసెకన్లకోసారి లేచి నాలుగు తీగలూ కింద ఉన్నాయా అని అర్రేగా చూసి మళ్లీ నిద్రపోయే లూప్ చాలు. కాలపరిమితి మాత్రం పెట్టండి. ఒక సెల్ కేబుల్ ఊడినా చిప్ సిద్ధమనే అంటుంది, కానీ చిప్‌కే పవర్ పోతే ఆ తీగ ఎప్పటికీ దిగకపోవచ్చు. అప్పుడు ఏ మూల రాలేదో లాగ్‌లో రాయండి. మీరు మూలకో చిప్ పెట్టిందే అందుకు కదా.

మూడోది. ఆరైనా ఎనిమిదైనా క్లాక్ ఒకటే అయితే డివైస్ ఒకటే, ఛానెళ్లు పెరుగుతాయి. బస్ కావలసివచ్చేది ఇలాంటి వైరింగ్ మీద రకరకాల చిప్‌లు, దాన్ని నడిపే రకరకాల కంట్రోలర్లు వచ్చి, రెండు వైపులా కోడ్ పదేపదే రాస్తున్నప్పుడు. సీరియల్ పోర్ట్‌కు తగిలించిన బ్లూటూత్, జీపీఎస్ చిప్‌లు చాలా కాలం లైన్ డిసిప్లిన్‌లతో (సీరియల్ పోర్ట్ మీద వచ్చే డేటాను మలిచే కెర్నెల్ పొరలతో), యూజర్‌స్పేస్ సహాయకులతో నెట్టుకొచ్చాయి. ఆ బాధ పడ్డ డ్రైవర్లు తగినన్ని పోగయ్యాకే 2017లో, కెర్నెల్ 4.11లో సెర్‌డెవ్ (సీరియల్ పోర్ట్‌కు తగిలించిన చిప్‌ల) బస్ వచ్చింది. డ్రైవర్లు ముందు ఉన్నాయి కాబట్టి బస్‌కు ఏం కావాలో తెలిసింది. మీ దగ్గర ఉన్నది ఒక చిప్, ఒక బోర్డు.

ఇంకో విషయం, మీరు ఇరుక్కోకుండా ముందే చెప్తున్నాను. ఉన్న డ్రైవర్ చదివిన విలువలో అన్నిటికంటే పై బిట్‌ను తిప్పి ఇస్తుంది. మీ పైథాన్‌లో సున్నా అయినది అక్కడ 8388608. పైథాన్‌లో -1 అయినది అక్కడ 8388607. ఆ అంకె చూసి సెల్ మీద బరువు ఎక్కువై నిండిపోయిందని అనుకోవద్దు, అది అన్నీ ఒకట్లు వచ్చిన రీడింగ్. నిజంగా నిండిపోతే కనిపించేది 16777215.

కిలోలు, టేర్ (ఖాళీ క్యాన్ బరువు తీసివేయడం), మూలల దిద్దుబాటు గుణకాలు ఏవీ కెర్నెల్‌లోకి తేకండి. ఐఐఓ వోల్టేజ్ ఛానెల్‌లో ముడి విలువను స్కేల్‌తో గుణిస్తే మిల్లీవోల్టులు రావాలి, అంతవరకే దాని బాధ్యత. పైన మీ ప్రోగ్రాం ఉంది.

కాటా:

తూనిక యంత్రాల సర్వీసింగ్ చేస్తాను. కెర్నెల్ నాకు తెలీదు గానీ ఒక్క మాట. లీగల్ మెట్రాలజీ చట్టం 2009 కింద, కొనుగోలు అమ్మకాల్లో వాడే కాటాకు మోడల్ ఆమోదం, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. కిలోలు లెక్కగట్టే గుణకాలు ఎవరైనా ఎడిటర్‌లో తెరిచి మార్చేయగలిగే ఫైల్‌లో పెట్టకండి. సీల్ వేసిన స్విచ్ నొక్కితే తప్ప మారని చోట పెట్టండి. ఇన్‌స్పెక్టర్ ముందు అడిగేది అదే.

తూకంబల్ల:

కాటా గారూ, గుణకాలకు ఈఈప్రామ్ (పవర్ పోయినా విలువలు నిలిచే మెమరీ చిప్) ఉంది, దాని రైట్ ప్రొటెక్ట్ పిన్ సీల్ చేసిన జంపర్ మీదుగా వెళ్తుంది. డ్రైవర్ మార్పు మొదలుపెట్టాను. డేటా తీగల్లో మూడు ఒక జీపీఐఓ బ్యాంక్‌లో, ఒకటి ఇంకో బ్యాంక్‌లో పడ్డాయని ఇప్పుడే గమనించాను. అర్రేగా చదవడం ఇంకా పనిచేస్తుందా?

మూలమలుపు:

పనిచేస్తుంది. ఆ ఫంక్షన్ కంట్రోలర్‌ల వారీగా విడగొట్టుకుని రెండుసార్లు చదువుతుంది, మీకు ఒకే బిట్‌మ్యాప్‌గా ఇస్తుంది. ఆ రెండో రీడ్ క్లాక్ కింద ఉన్న దశలో జరుగుతుంది కాబట్టి దానికి డెడ్‌లైన్ లేదు. ప్యాచ్ పంపే ముందు ప్రింటర్, డాంగిల్ రెండూ నడుస్తుండగా ఒక రాత్రంతా చదివించి, తోకలో ఒకట్ల వరస ఉన్న రీడింగ్ ఒక్కటైనా వచ్చిందేమో వెతకండి. బైండింగ్ మార్పు విడి ప్యాచ్‌గా ముందు, డ్రైవర్ మార్పు తర్వాత. ఐఐఓ లిస్ట్‌కి పంపాక లింక్ ఇక్కడ పెట్టండి, రివ్యూ చేస్తాను.